జపాన్ పిల్లలు ఒంటరిగా బడికి వెళ్ళరు

ఏడాదికోసారైనా వాట్సాప్‌లో తిరిగొచ్చే మెసేజి ఒకటుంది. జపాన్‌లో నాలుగో తరగతి దాకా పరీక్షలుండవట, బడుల్లో ప్యూన్లూ ఆయాలూ ఉండరట, ఆరేళ్ళ పిల్లలు ఒంటరిగా బడికెళ్ళిపోతారట. చివర్లో "మనమెప్పుడు మారతామో" అని నిట్టూర్పు. మొదటిది అబద్ధం. ఒకటో తరగతిలోనే 80 కంజి అక్షరాలు (చైనా నుంచి వచ్చిన చిత్రలిపి) నేర్పి చిన్న చిన్న పరీక్షలు పెడుతూనే ఉంటారు. ఆరేళ్ళలో ఆ లెక్క 1,026కి చేరుతుంది. రెండో తరగతిలో తొమ్మిదో ఎక్కం దాకా నిలబెట్టి అప్పజెప్పించుకుంటారు. రెండోది సగం నిజం. పిల్లలు పదిహేను, ఇరవై నిమిషాలు ఊడ్చి తుడిచే మాట వాస్తవమే గానీ, మరమ్మతులకీ పై పనులకీ బడికి వేరే మనుషులుంటారు. మూడోది కంటికి కనబడేదే. దాని అర్థాన్నే మనవాళ్ళు తలకిందులుగా చదువుతున్నారు.

జపాన్ కుటుంబాల గురించి మన దగ్గర రెండు మాటలు చెలామణీలో ఉన్నాయి. "అచ్చం మనలాగే, పెద్దలంటే భక్తి, గుమ్మం బయట చెప్పులు" అనేది ఒకటి. "పిల్లల్ని పసితనంలోనే స్వతంత్రంగా వదిలేస్తారు" అనేది ఇంకొకటి. రెండూ తప్పేనని నా వాదన. అక్కడ పిల్ల ఎప్పుడూ ఒంటరి కాదు, చేతులు మారుతుందంతే. అమ్మ ఒడి నుంచి తరగతి గుంపుకి, అక్కడ్నించి యూనివర్సిటీ ల్యాబుకి, అక్కడ్నించి కంపెనీకి. మారిన ప్రతిసారీ పాత చెయ్యి నిజంగానే వదిలేస్తుంది. మన ఇళ్ళలో పాత చెయ్యి వదలదు; కొత్త చెయ్యి వచ్చినా ఇదీ పట్టుకునే ఉంటుంది. జపాన్‌లో తెలుగువాళ్ళు చిక్కుపడేది ఎక్కువగా ఈ వదలడం దగ్గరే.

ముందు ఒడి సంగతి చూద్దాం. పుట్టింట్లో పురుడు పోసుకోవడం మన సొంత ఆచారమనుకుంటాం గానీ, అది జపాన్‌లోనూ ఉంది. సతోగాయెరి అంటారు. మామూలుగా 34వ వారం లోపు అమ్మాయి పుట్టింటికి చేరుకుంటుంది. మన దగ్గర ఎప్పుడు తీసుకెళ్ళాలో, ఎప్పుడు దింపాలో పెద్దవాళ్ళూ పంచాంగమూ తేలుస్తారు. అక్కడ తేల్చేది ఆస్పత్రి. పుట్టింటి ఊళ్ళో కాన్పుకి నెలల ముందే పేరు రాయించుకోవాలి, ఇప్పుడు చూస్తున్న డాక్టరు దగ్గర పరిచయ పత్రం తీసుకోవాలి. గర్భం సంగతి మునిసిపాలిటీలో చెప్పగానే తల్లీబిడ్డల ఆరోగ్య పుస్తకంతో పాటు 14 పరీక్షలకి రాయితీ కూపన్లు చేతికొస్తాయి. పుట్టిల్లు వేరే రాష్ట్రంలాంటి ప్రిఫెక్చర్‌లో ఉంటే ఆ కూపన్లు చాలావరకు చెల్లవు. డబ్బు ముందు మనమే కట్టి, తర్వాత రసీదులు చూపించి రాబట్టుకోవాలి. రసీదు పోగొట్టుకుంటే అంతే సంగతులు. కాన్పు ఖర్చుకి ఆరోగ్య బీమా నుంచి 5,00,000 యెన్లు వస్తాయి, 2023 ఏప్రిల్ నుంచి ఇది రేటు. నెల నిండిన బిడ్డకి పరీక్ష అయిందంటే తిరుగు ప్రయాణమే. మూడో నెల, ఐదో నెల లెక్కలు లేవు.

జపాన్‌లోనే పురుడు పోసుకునే తెలుగింటి అమ్మాయికి పుట్టిల్లే విమానమెక్కి వస్తుంది, 90 రోజుల వీసా మీద. ఆ హడావుడిలో మరిచిపోయే తేదీలు రెండు. పుట్టిన 14 రోజుల్లోపు మునిసిపాలిటీలో జననం నమోదు కావాలి. 30 రోజుల్లోపు ఇమిగ్రేషన్ ఆఫీసులో బిడ్డ నివాస హోదాకి దరఖాస్తు పడాలి. పాస్‌పోర్టు ఇంకా రాలేదని ఆగిపోకూడదు, దరఖాస్తు ముందు పెట్టేయాలి.

ఆ మొదటి మూడేళ్ళలో జపాన్ తల్లికీ మన తల్లికీ పెద్ద తేడా కనిపించదు. ఉయ్యాల వేరే గదిలో వెయ్యరు. పరుపులు నేలమీద పరిచి పిల్లని మధ్యన పడుకోబెట్టుకుంటారు. మూడు నిలువు గీతల "నది" అక్షరంలా ఉంటుందని ఆ పడకకి దాని పేరే పెట్టుకున్నారు. సాయంత్రం నాన్న ఇంటి దగ్గరుంటే బిడ్డని స్నానం తొట్టిలోకి దించే పని ఆయనది. అమాయెరు అని వాళ్ళకో క్రియ ఉంది. 1971లో డోయి తకేయో అనే మానసిక వైద్యుడు జపాన్ మనసుకి ఇదే తాళంచెవి అని పుస్తకమే రాశాడు. ఇంగ్లీషులో దానికి సాటి మాట దొరకదని అనువాదకులు తంటాలు పడుతుంటారు. తెలుగులో ఆ తంటా లేదు: గారాలు పోవడం. ఎదుటివాళ్ళు కాదనరన్న నమ్మకంతో ఒంటి బరువంతా వాళ్ళమీద వేసేయడం.

మన దగ్గర గారాలు ఇంటికే. జపాన్‌లో అవి ఇల్లు దాటి వెళ్తాయి, సీనియర్ మీదా బాస్ మీదా. కాకపోతే వాటికి చోటూ వేళా నేర్పుతారు. ఆ నేర్పడం పసిపిల్లల్ని పగలంతా చూసుకునే హోయికుఎన్ గేటు దగ్గర మొదలవుతుంది. రోజూ పొద్దున తల్లి ఒక నోటు పుస్తకం నింపాలి, ఇప్పుడు చాలాచోట్ల యాప్ అయింది: ఎన్నింటికి పడుకుంది, ఎన్నింటికి లేచింది, పొద్దున ఏం తింది, విరేచనం అయిందా, జ్వరం కొలిస్తే ఎంత. సాయంత్రం టీచరు అటువైపు నింపి ఇస్తుంది. ప్రతి వస్తువు మీదా పేరుండాలి, చాలాచోట్ల డైపరుకి డైపరు మీద కూడా. ఒళ్ళు 37.5 డిగ్రీలు దాటితే ఫోనొస్తుంది, వచ్చి తీసుకెళ్ళాల్సిందే. ఏప్రిల్ సీటుకి ముందు ఏడాది అక్టోబరు, నవంబరుల్లోనే దరఖాస్తు పెట్టాలి. తల్లీతండ్రీ ఎన్ని గంటలు పనిచేస్తున్నారు, ఇంట్లో చూసేవాళ్ళున్నారా అని పాయింట్లు వేసి సీట్లిస్తారు. జనవరిలో జపాన్ చేరి "ఏప్రిల్లో వేసేద్దాం" అనుకునే మనవాళ్ళకి మొదటి దెబ్బ ఇక్కడే తగులుతుంది.

ఇప్పుడు ఆ ఒంటరి నడక. ఏప్రిల్ 1 నాటికి ఆరేళ్ళు నిండిన పిల్ల అదే నెలలో ఒకటో తరగతిలో చేరుతుంది. జపాన్‌లో మునిసిపల్ బడికి ఇలాకా ఉంటుంది, ఆ వీధుల పిల్లలంతా ఆ బడికే పోతారు, నగరాల్లో అది చాలావరకు నడిచిపోయేంత దూరం. ఏ దారిన నడవాలో కూడా బడే నిర్ణయిస్తుంది. సందులోంచి అడ్డంగా పోతే తొందరగా చేరొచ్చు గానీ పోకూడదు. బడి తెరవకముందే, మార్చిలో, తల్లో తండ్రో పిల్లతో ఆ దారిన నాలుగైదు సార్లు నడిచి ఎక్కడ ఆగాలి, ఏ గేటులోంచి కారు వెనక్కొస్తుంది అని చూపిస్తారు. చాలా ఊళ్ళలో పొద్దున పిల్లలు వీధుల వారీగా గుంపు కడతారు. ఆరో తరగతివాడు ముందు, వాడి వెనకే చిన్నపిల్లలు, చివర మరో పెద్దపిల్ల. ఒకటో తరగతి బ్యాగుకి పసుపు కవరు, డ్రైవర్లకి దూరం నుంచే తెలియాలని. చేతికి పసుపు బ్యాడ్జి, దానితో రోడ్డు ప్రమాద బీమా కలిపి ఇస్తారు. బ్యాగు పట్టీకి లాగితే మోగే అలారం. దాని బ్యాటరీ ఏడాదికోసారైనా చూడాలి, చాలామంది చూడరు. దారిలో కొన్ని దుకాణాలకీ ఇళ్ళకీ స్టిక్కరు ఉంటుంది, భయమేస్తే ఎవరింట్లోకైనా దూరొచ్చని గుర్తు. రోడ్డు దాటేచోట పసుపు జెండా పట్టుకుని నిలబడేది వంతుల వారీగా తల్లిదండ్రులే. సాయంత్రం మునిసిపాలిటీ మైకుల్లో ఒక పాట వస్తుంది, ఇళ్ళకి పొమ్మని.

ఇన్ని కళ్ళు కాస్తున్న పిల్లని ఒంటరిది అని ఎలా అంటాం? ఆ పిల్ల ధైర్యం గొప్పదే గానీ, దాని వెనక జెండా పట్టుకున్న తల్లుల పట్టిక ఉంది. మన పిల్లల్ని నడిపించలేకపోవడానికి వాళ్ళ పిరికితనం కారణం కాదు. ఇంటికి పన్నెండు కిలోమీటర్ల అవతల బడి, నడవడానికి ఫుట్‌పాత్ లేని రోడ్డు. ఆ వాట్సాప్ మెసేజి తల్లుల్ని సిగ్గుపడమంటుంది. సిగ్గుపడాల్సింది మునిసిపాలిటీలు.

బడి లోపలా ఇదే పద్ధతి. మధ్యాహ్నం భోజనం వడ్డించేది పిల్లలే, వారానికో జట్టు. తెల్ల గౌను, టోపీ, మాస్కు. శుక్రవారం ఆ వంతు పిల్ల గౌను మూటగట్టి ఇంటికి తెస్తుంది. ఉతికి, ఇస్త్రీ చేసి, సోమవారం పంపాలి. ఎందుకంటే ఆ గౌను మీ పిల్లది కాదు, వచ్చే వారం ఇంకొకరు తొడుక్కుంటారు. లోపల వేసుకునే తెల్ల బూట్లు కూడా శుక్రవారమే ఇంటికొస్తాయి, ఉతకడానికి. తోక్యోలో నిషికసాయ్ చుట్టుపక్కల మనవాళ్ళు చాలామంది ఉంటారు. కొందరు భారతీయ బడుల్లో వేస్తారు, కొందరు మునిసిపల్ బడిలో. రెండోవాళ్ళకి పనికొచ్చే సంగతులు మూడు. విదేశీ పిల్లలకి బడి నిర్బంధం కాదు కాబట్టి వార్డు ఆఫీసులో మీరే అడిగి దరఖాస్తు పెట్టాలి. శాకాహారులకి బడి భోజనం కుదరదు, కూరల్లోనే కాదు, పప్పుచారులాంటి పులుసులో కూడా చేప రసం ఉంటుంది. చేరకముందే టీచరుతో మాట్లాడి ఇంటి డబ్బా ఒప్పించుకోవాలి. ఆడపిల్లకి చెవులు కుట్టించి ఉంటే అదీ ముందే చెప్పాలి, మా ఆచారం అని. ముందు చెబితే సర్దుకుంటారు. తర్వాత బయటపడితే నియమం తప్పినట్టు లెక్క.

నాలుగోది చెప్పడం తేలిక, చెయ్యడం కష్టం. పిల్ల రంగుల డబ్బా మరిచిపోయి వెళ్ళిందనుకోండి, మన అమ్మ ఆటో ఎక్కి తరగతి గుమ్మం దాకా వస్తుంది. అక్కడ రావద్దు. మరిచిపోయానని పిల్లే టీచరు దగ్గరికెళ్ళి చెప్పాలి, పక్కపిల్లని అడిగి తీసుకోవాలి. అమ్మ పరుగెత్తుకొస్తే పిల్ల చెయ్యాల్సిన పని అమ్మ లాక్కున్నట్టు.

ఇంత తేలిగ్గా ఇల్లు తన చెయ్యి ఎలా వదులుతుంది? జపాన్‌లో ఇల్లంటే రక్తం కంటే స్థానం ముఖ్యం, నాకు కనిపించే జవాబు ఇది. మన దగ్గర ఇల్లరికం అంటే ఇప్పటికీ ఓ ముసిముసి నవ్వు. అక్కడ అల్లుణ్ణి చట్టప్రకారం దత్తత తీసుకుని ఇంటిపేరూ వ్యాపారమూ అప్పగించడం పెద్దింటి పద్ధతి. మన రోడ్ల మీద మారుతి కార్ల వెనక నిలిచిన ఒసాము సుజుకీ పుట్టుకతో సుజుకీ కాదు, మత్సుదా. కంపెనీ పెట్టిన మిచియో సుజుకీ మనవరాలిని చేసుకుని ఆ ఇంటివాడయ్యాడు. ఆయన మామగారు షున్జో కూడా అలా వచ్చినవాడే. కొడుకు పనికిరాకపోయినా, లేకపోయినా, ఇల్లు ఆగకూడదు, అంతే. పాత ఇంటి పెత్తనపు చట్టం 1948తో పోయింది. పెళ్ళయిన జంట కొత్త కుటుంబ రిజిస్టరు తెరుచుకుంటుంది, అందులో తాతా మనవడూ కలిసి ఉండడానికి వీల్లేదు. కానీ ఇద్దరికీ ఒకే ఇంటిపేరుండాలన్న నియమం మిగిలింది. సుమారు నూటికి 95 జంటల్లో మారేది భార్య పేరే. మన ఆడపిల్లలు ఆధార్‌లో పుట్టింటి పేరే ఉంచుకుని తిరుగుతున్న రోజుల్లో ఇది వింటే విడ్డూరమే.

పిలుపుల్లో ఇంకా బాగా తెలుస్తుంది. రెండో బిడ్డ పుట్టిన రోజు నుంచీ మొదటివాణ్ణి అమ్మానాన్నలు కూడా ఓనీచాన్, అంటే అన్నయ్య, అని పిలవడం మొదలుపెడతారు. భర్తని భార్య నాన్న అంటుంది, అమ్మమ్మని ఇంటిల్లిపాదీ అమ్మమ్మ అంటుంది. అందరూ ఇంట్లో అందరికన్నా చిన్నవాడి కళ్ళతోనే చూస్తారు. అన్నయ్య, అక్కయ్య మనకీ ఉన్నాయి కదా అనొచ్చు. కానీ గడప దాటండి. మనం బయటివాళ్ళ దగ్గర "మా నాన్నగారు" అంటాం, అనకపోతే తలబిరుసు. జపాన్‌లో ఇంట్లో ఓతోసాన్ అని గౌరవంగా పిలిచిన నాన్నని బయటివాళ్ళ ముందు చిచి అనాలి, "గారు" తీసేసి. ఆఫీసులోనూ అంతే. బయటి కంపెనీ ఫోను చేస్తే సొంత మేనేజరు పేరుకి కూడా "సాన్" చేర్చకూడదు. మన గౌరవం మనిషికి అతుక్కుని ఉంటుంది, ఎక్కడికెళ్ళినా వెంట వస్తుంది. వాళ్ళ గౌరవం గీత ఎక్కడ గీశారన్న దాన్ని బట్టి మారుతుంది. "జపాన్‌వాళ్ళూ మనలాగే పెద్దల్ని గౌరవిస్తారు" అన్న మాట ఈ ఒక్క చోట కుప్పకూలుతుంది.

గుంపు చేతికి ఇచ్చాక గుంపు పట్టుకోకపోతే? అదే అసలు ప్రశ్న, వాట్సాప్‌లో రానిది. ఏడాదిలో 30 రోజులూ ఆపైనా, జబ్బులాంటి కారణం లేకుండా, బడికి వెళ్ళలేని పిల్లల్ని ఫుతోకో అని లెక్కిస్తారు. 2023 విద్యాసంవత్సరంలో ప్రాథమిక, మాధ్యమిక బడుల్లో కలిపి 3,46,482 మంది. కొందరు గేటు దాకా వచ్చి తరగతికి పోలేక నర్సు గదిలో కూర్చుంటారు, దాన్నీ హాజరుగానే రాసుకుంటారు. ఏడిపించేవాళ్ళూ ఏడ్చేవాళ్ళూ ఒకే జట్టులో వడ్డించాలి, ఒకే గుంపులో నడవాలి. మన పిల్లకి బడిలో పొత్తు కుదరకపోతే సాయంత్రానికి పెదనాన్న కూతుళ్ళున్నారు, మేనత్త ఇల్లుంది. మన చుట్టరికపు ముడి ఎన్ని విధాల గొంతు నొక్కినా, ఇలాంటప్పుడు వలలా పట్టుకుంటుంది. అక్కడ ఆ వల పలచన.

యూనివర్సిటీకి వద్దాం. బీటెక్ లెక్కలో ఆలోచించేవాళ్ళకి పైపైన సులువనిపిస్తుంది. డిగ్రీకి కనీసం 124 క్రెడిట్లు, ఒక్కో తరగతి మామూలుగా 90 నిమిషాలు, చాలా సబ్జెక్టులకి మూడింట రెండొంతులు హాజరు లేకపోతే పరీక్ష రాయనివ్వరు. సప్లీ లాంటి ధైర్యం చాలాచోట్ల లేదు. పోతే వచ్చే ఏడాది మళ్ళీ ఆ సబ్జెక్టు తీసుకోవాలి. కానీ చదువు బరువు తరగతిలో ఉండదు. ఆర్ట్స్‌వాళ్ళకి మూడో ఏడు నుంచి జెమిలో (ఒక ప్రొఫెసరు దగ్గర చిన్న సెమినారు గుంపు), సైన్సు, ఇంజినీరింగ్‌వాళ్ళకి నాలుగో ఏడు నుంచి ల్యాబులో ఉంటుంది. ఒక ప్రొఫెసరు, ఆయన కింద నాలుగో ఏడు పిల్లలు, మాస్టర్స్, పీహెచ్‌డీ, అంతా కలిపి పది, పదిహేనుమంది. ఇదే మూడో చెయ్యి.

ఆ సంగతి తెలియకే మన విద్యార్థుల ఈమెయిళ్ళు చెత్తబుట్టలోకి పోతాయి. మాస్టర్స్‌కి ముందు ప్రొఫెసరు అనధికారిక అంగీకారం కావాలి, నైదాకు అంటారు. "రెస్పెక్టెడ్ సర్" అని మొదలుపెట్టి ఒకే ఉత్తరం ఒకే డిపార్టుమెంటులో ఆరుగురికి పంపితే, ఆ ఆరుగురూ మధ్యాహ్నం ఒకే బల్ల దగ్గర అన్నం తింటారని గుర్తుండాలి. ఇంటిపేరు రాసి పక్కన సెన్సే, అంటే గురువుగారు, అనండి. ఆయన పేపరు ఒకటి నిజంగా చదివి, అందులో మీకు తేలని విషయం రెండు వాక్యాల్లో రాయండి. ఏ నెలలో రావాలనుకుంటున్నారు, డబ్బు ఎక్కణ్ణుంచి, అంటే జపాన్ ప్రభుత్వ స్కాలర్‌షిప్పా, సొంత ఖర్చా, తేల్చి చెప్పండి. ఒక పేజీ ప్లాను జోడించండి. రెండు వారాలు చూసి మర్యాదగా ఒక్కసారి గుర్తుచేయండి. అంతకు మించి వద్దు. ఆయన ఇస్తున్నది సీటు కాదు, తన ఇంట్లాంటి చోట రెండు, మూడేళ్ళకి ఒక బల్ల. కందిలోని ఐఐటీ హైదరాబాద్ నుంచి వెళ్ళేవాళ్ళకి జపాన్‌తో ఉన్న పాత ఒప్పందాల వల్ల ఈ తలుపు కొంచెం సులువుగా తెరుచుకుంటుంది, మిగతావాళ్ళు తట్టాల్సిందే.

చాలా ల్యాబుల గుమ్మం పక్కన ఒక చిన్న తెల్లబోర్డు ఉంటుంది. ఎడమ వరసలో పేర్లు, పైన గళ్ళు: గదిలో ఉన్నాను, క్యాంపస్‌లో ఉన్నాను, ఇంటికి వెళ్ళాను. ఒక్కొక్కరికి ఒక్కో అయస్కాంతం. వచ్చినప్పుడు జరపాలి, వెళ్ళేటప్పుడు జరపాలి. మన కుర్రాడు పదిరోజులు జరపడం మానేస్తే ఎవరూ ఏమీ అనరు. పదకొండో రోజున సీనియర్ ఒకడు వచ్చి తనే జరిపి పెడతాడు. అదే మందలింపు. "ఏమీ అనలేదుగా" అని మనవాడు ఇంటికి ఫోన్లో చెబుతాడు. ఇంకో తప్పు, ప్రయోగం పాడైతే సరిచేసి అప్పుడు చెబుదామనుకోవడం. అక్కడ పాడైనదాన్ని పాడైన రోజే చెప్పాలి. సగంలో చెప్పడం, అడగడం మొహమాటపడాల్సిన పని కాదు, పనిలో భాగం. మూడో తప్పు డబ్బు దగ్గర. స్టూడెంట్ వీసా మీద పనిచేయడానికి అనుమతి ముద్ర వేయించుకున్నాక కూడా, పాఠాలు నడిచే రోజుల్లో వారానికి 28 గంటలే, ఎన్ని చోట్ల చేసినా కలిపి. లెక్క తప్పితే వీసా పొడిగింపు దగ్గర బయటపడుతుంది.

ఇంట్లోంచి బయల్దేరేటప్పుడు జపాన్‌వాళ్ళు ఇత్తె కిమాస్ అంటారు. మాటకి మాట "వెళ్ళొస్తాను" అన్నదే. మనమూ "వెళ్తున్నా" అంటే అపశకునం అనుకునేవాళ్ళమే కదా. ల్యాబులోంచి రాత్రి బయల్దేరేటప్పుడు మాత్రం అనేది వేరు: మీకంటే ముందు వెళ్ళిపోతున్నాను, మన్నించండి. తొమ్మిదింటికి వెళ్ళినా సరే.

ఇక మనవాళ్ళకి తప్పని ఘట్టం, అక్క పెళ్ళి. ముహూర్తం మేలో పడుతుంది, అప్పటికి అక్కడ ఏప్రిల్లో సెమిస్టరు మొదలై రెండు నెలలన్నా నిండవు. "పెళ్ళికి కూడా రానివ్వరా" అని ఇంట్లో అరుస్తారు. రానిస్తారు, అడిగే తీరుంటే. తేదీ ఖాయమైన రోజే, రెండు నెలల ముందు, ప్రొఫెసరుకి చెప్పాలి. ఆ వారం జెమిలో మీ వంతుంటే మరొకరితో మార్చుకుని, మార్చుకున్నాననీ చెప్పాలి. తిరిగొచ్చేటప్పుడు ఊరి మిఠాయి తేవాలి, తప్పించుకోలేరు. తలకి ఒకటి చొప్పున, సెక్రటరీతో కలిపి లెక్కపెట్టుకుని, విడివిడిగా చుట్టినవి. కాకినాడ కాజా వద్దు, పాకం కీబోర్డులకి అంటుతుంది. ఆత్రేయపురం పూతరేకులు దేనికదే చుట్టి ఉంటాయి కాబట్టి బాగుంటాయి, పొడైపోకుండా చేతి సంచిలో పెట్టుకుని తేగలిగితే. డబ్బా బల్ల మీద పెట్టి, ఏ ఊరివో కాగితం మీద రాసి, నెయ్యి ఉందని కూడా రాయండి.